మోకాలి మీద మీసాలాయన

మొన్న వేసవి సెలవులకి మా తమ్ముడి కూతురు హారిక ఏలూరు వచ్చి, వచ్చిన రెండో రోజే మా భోజనాల బల్లని ఆక్రమించుకుంది. ఆ పిల్ల బొమ్మల కాలేజీలో చదువుతోంది లెండి. బల్ల నిండా జిరాక్సు కాగితాలు, తెల్లటి నూలు గుడ్డ ముక్కలు, దూది, ఒక చెంచా. కొత్త విద్య చూపిస్తాను, కదలకుండా కూర్చోమని నన్ను కుర్చీలో కూలేసి, ఒక కాగితాన్ని గుడ్డ మీద బోర్లా పెట్టి, సంచీలోంచి చిన్న సీసా తీసి మూత తిప్పింది. అంతే. ఆ వాసన ముక్కుకి తగలగానే నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఘాటుగా ఉందేమోనని కంగారుపడి కిటికీ తియ్యబోయింది. ఘాటు కాదే తల్లీ, అది మా మామ్మ మోకాలి వాసన అన్నాను. పాపం, దానికేం అర్థమవుతుంది? అత్తకి వయసు మీద పడుతోందనుకుని మంచినీళ్ళు తెచ్చిచ్చింది.

దాన్ని వింటర్‌గ్రీన్ ఆయిల్ అంటారట. జిరాక్సు మీద ఉండే నల్లపొడి ఆ నూనెకి కరిగి, కింద గుడ్డ ఉంటే గుడ్డకి, కాగితం ఉంటే కాగితానికి అంటుకుంటుందట. వీళ్ళకి ఒక పెద్దావిడ మూడు రోజుల పాటు వర్క్‌షాపు పెట్టి మరీ నేర్పిందట. నేను బుద్ధిగా తల ఊపుతూ విన్నాను. విన్నాను గాని లోపల ఒకటే ఉడుకు. ఈ విద్య పుట్టింది తాడేపల్లిగూడెంలోనూ, కనిపెట్టింది మా మామ్మ కుడి మోకాలూ అని చెబితే ఆ పెద్దావిడ నమ్ముతుందా? మీరు మాత్రం నమ్మండి. ఒట్టు.

గూడెంలో మా ఇల్లు స్టేషన్‌కి దగ్గర. నాన్న లెక్కల మాస్టారు. లెక్కల మాస్టారంటే బడిలోనే కాదండీ, ఇంట్లో కూడా. పులుసులో ములక్కాడ ముక్కలు ఐదుగురికీ సమంగా రాకపోతే అమ్మని సంజాయిషీ అడిగేవాడు. మా తమ్ముడు అప్పటికి బాగా చిన్నవాడు, ఈ కథలో వాడికి పని లేదు. నాన్న తమ్ముడు సత్తిబాబు బాబాయికి ఇంకా పెళ్ళి కాలేదు. ఎక్కడో బెజవాడలో రెండు మూడు చేతులు మారిన జిరాక్సు మిషను ఒకటి తెచ్చి మా వీధి గదిలో పెట్టుకున్నాడు. ఆ మిషనుని బాబాయి మీరు అనేవాడు. మనకంటే ముందు పుట్టింది, ఎన్ని ఊళ్ళు చూసి వచ్చిందో, నువ్వు అంటే ఏం మర్యాద అని ఆయన వాదన. వానాకాలం వస్తే కాగితాలు చెమ్మగిల్లి లోపల ఇరుక్కునేవి. అప్పుడు దాని మూత మీద చెయ్యి వేసి, ఏవండీ, కాస్త వదలండి, తాలూకాఫీసు వాళ్ళు నిలబడి ఉన్నారండీ అని బతిమాలేవాడు. ఆయుధపూజకి నిమ్మకాయ కట్టి బొట్టు పెడితే ఆ బొట్టు అద్దం మీదకి జారి, వారం రోజుల పాటు గూడెంలో తీసిన ప్రతి కాపీ మీదా ఒక మచ్చ పడింది. ఎవరూ అడగలేదు. ప్రభుత్వం వారి గుర్తేమో అనుకున్నారు.

ఆ మిషను మంచివి ఎన్ని తీసేదో పాడువి అన్ని తీసేది. ఆ పాడైపోయిన కాగితాలతోనే మా సంసారం నడిచేది. అటకల మీద పరిచేది అవే, జంతికల డబ్బాలో నూనె పీల్చడానికి వేసేది అవే, నా ఆల్జీబ్రా అంతా ఎవరెవరివో పొలాల దస్తావేజుల వెనకే చేశాను. పొద్దున్నే ఉప్మా తింటూంటే ప్లేటు కింద నుంచి ఎవరో తెలియని పెద్దమనిషి పాస్‌పోర్టు సైజులో మన వైపు చూస్తుండేవాడు. అలవాటైపోయింది.

ఇక మామ్మ. మామ్మ అంటే మా నాన్నమ్మ. రెండు కళ్ళలోనూ శుక్లాలు, రెండు మోకాళ్ళలోనూ నొప్పులు. ఎదురుగా ఉన్నది మనిషో స్తంభమో కదిలితే గాని తెలిసేది కాదు. ఒకసారి వీధిలో ఆగిన ఎండుగడ్డి బండిని, లోపలికి రండి, ఎండనపడి వచ్చారు అని ఎంతో ఆదరంగా పిలిచింది. నాన్న ఏలూరు కంటాసుపత్రికి వెళ్ళి ఆపరేషన్‌కి రోజు రాయించుకొచ్చాడు. వచ్చే గురువారం. మామ్మ రానంది. ఎందుకు రావంటే మాట్లాడదు. నాన్న చెప్పి చూశాడు, అమ్మ చెప్పి చూసింది, పక్కింటివాళ్ళు వాళ్ళ ఆపరేషన్ కళ్ళు తెచ్చి చూపించారు. ఊహూఁ.

అసలు సంగతి నాకు చెప్పింది. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నాం ఇద్దరం. ఆవిడ చూపుతో తియ్యదు, వేళ్ళతో తీస్తుంది, నాకంటే వేగంగా.

"అమ్మడూ, మీ తాతయ్య మొహం నాకు మరుపొచ్చేస్తోందే. బుగ్గే మారిపోయిందంటే ఇంకేం మిగిలినట్టు?"

ఈ బుగ్గ గొడవ మీకు చెప్పాలి. తాతయ్యది కొల్లేటి పక్కన, మండవల్లి దగ్గర ఊరు. నాన్నకి పదేళ్ళు, బాబాయికి నాలుగేళ్ళు ఉన్నప్పుడే పోయాడు. ఆ తర్వాత కొల్లేరు పొంగి ఇంట్లోకి వచ్చినప్పుడు పెట్టెలో ఉన్న కాగితాలూ ఫొటోలూ అన్నీ నాని ముద్దయిపోయాయి. దక్కింది ఒకే ఒక్కటి. పడవ పక్కన ఏడుగురు మగాళ్ళు వరసగా నిలబడి, ఎవరో అదిలించినట్టు కెమెరా వైపు చూస్తుంటారు. చివర నుంచి మూడో ఆయన తాతయ్య. ముఖం చింతగింజంత. మామ్మ ఎప్పుడు ఆయన కబుర్లు చెప్పినా, కుడి బుగ్గ మీద మిరియపు గింజంత పుట్టుమచ్చ ఉండేదర్రా అనేది. నాన్న భూతద్దం పెట్టి చూసినవాడు కదా, ఎడమ బుగ్గమ్మా, ఫొటోలో ఎడమ బుగ్గ మీదే ఉంది అని దిద్దేవాడు. కుడే అని మామ్మ, ఎడమే అని నాన్న, అది ఈగ పెట్టిన మరకేమోనని అమ్మ. మొదట్లో మామ్మ గట్టిగానే వాదించేది. రాను రాను తగ్గింది. ఫొటో అబద్ధం చెప్పదు కదా. అబద్ధం చెబుతున్నది తన బుర్రే అని భయం పట్టుకుంది. ఈ భయంతో కళ్ళు కోయించుకోవడానికి వెళ్తే, ఆ కాస్త చూపూ పోతే, ఇక ఆయన్ని పోల్చుకునే దారే ఉండదని ఆవిడ బెంగ. నేను ఈ మాట నాన్నకి చేరేశాను. నాన్న వచ్చి మంచం పట్టె మీద కూర్చుంటే మామ్మ బేరం తేల్చేసింది. ఆయన ముఖాన్ని చేటంత చేసి చూపించండి, ఈ ఉన్న కళ్ళతోనే ఒక్కసారి చూసుకుంటాను, ఆ తర్వాత కన్నే కోస్తారో తలకాయే కోస్తారో మీ ఇష్టం అంది.

స్టూడియో ఆయన్ని అడిగితే, చింతగింజని చేటంత చేస్తే మబ్బు వస్తుంది గాని మనిషి రాడండీ అన్నాడు. దాంతో బాబాయికి పౌరుషం వచ్చింది. మిషనుకి దణ్ణం పెట్టి మొదలెట్టాడు. కాపీకి కాపీ, దానికి మళ్ళీ కాపీ, తీసినకొద్దీ తాతయ్య ఉసిరికాయంత అయ్యాడు, జామకాయంత అయ్యాడు, కొబ్బరికాయంత అయ్యాడు. కాగితం చాలకపోతే ముఖాన్ని నాలుగు ముక్కలు చేసి, ఒక్కో ముక్కనీ ఒక్కో కాగితం నిండా పెంచాడు. దగ్గర్నుంచి చూస్తే చీమల బారు. పది అడుగులు వెనక్కి వెళ్ళి కళ్ళు చికిలిస్తే మాత్రం నిజంగానే ఒక మనిషి. మైదా ఉడికించి నాలుగూ అతికించి, ఆరడానికి పెరట్లో దండెం మీద వేశాం. అమ్మ మామ్మని పిలుచుకురావడానికి లోపలికి వెళ్ళింది. ఈలోగా పక్కవాళ్ళ మేక వచ్చి మైదా వాసనకి తాతయ్యని తినేసింది. మేం చూసేసరికి ఒక చెవి మాత్రం దాని నోటి బయట ఉంది.

మళ్ళీ తీస్తానమ్మా అన్నాడు బాబాయి. మామ్మ వద్దంది. ఒకసారి కొల్లేరు మింగింది, ఇప్పుడు మేక మింగింది, ఇంక కాగితం మీద నాకు చూపించకండి, తడిసినా చిరగనిది, మేక తిననిది ఏదైనా ఉంటే చెప్పండి అని అటు తిరిగి పడుకుంది. ఆదివారం మధ్యాహ్నం అది. గురువారం ఎంతో దూరం లేదు.

మామ్మ మోకాళ్ళ వైద్యం ఒక తంతు. సాయంత్రం దీపం పెట్టాక, పచ్చ మూత సీసాలోంచి నొప్పుల నూనె గరిటెలో పోసి గోరువెచ్చగా చెయ్యాలి. అది నా డ్యూటీ. ఆ వాసనకి ఇంట్లో దోమలు కూడా మర్యాదగా బయటికి వెళ్ళిపోయేవి. నూనె మర్దనా చేసి, జిల్లేడాకు వెచ్చచేసి మోకాలి మీద వేసి, వేడి పోకుండా ఏదైనా కాగితం చుట్టి, పైన పాత గుడ్డతో బిగించి కట్టాలి. మా ఇంట్లో కాగితమంటే ఏ కాగితమో మీకు తెలిసిందే. ఆ రోజు మేక గొడవలో జిల్లేడాకులు కొయ్యడం మర్చిపోయాను. పోనీ లెమ్మని ఆకు లేకుండానే, బాబాయి బుట్టలోంచి చేతికందిన కాగితం తీసి, నేరుగా మోకాలికి చుట్టి, మంచి బిగువుగా కట్టు కట్టాను.

తెల్లారి కట్టు విప్పితే మామ్మ మోకాలి మీద ఒక మగాడు ఉన్నాడు. నవ్వకండి. నిజంగానే ఉన్నాడు. మసగ్గా, బూడిద రంగులో, నుదురు, కళ్ళు, ముక్కు, దాని కింద రెండు వైపులా పైకి తిప్పిన మీసాలు. మామ్మ కాలు ముడిస్తే ఆయన బుగ్గలు పొంగేవి, చాపితే పీక్కుపోయేవి. నా కేకకి అమ్మ గరిటెతో సహా వచ్చి, చూసి, గరిటె కింద పెట్టి దణ్ణం పెట్టేసింది. ఎవరో దేవుడు వెలిశాడంది. దేవుడైతే చొక్కా కాలరు ఎందుకుంటుందని నాన్న. ఇంతకీ ఏముందర్రా అని మామ్మ ఒకటే అడగడం. చివరికి బాబాయి చెప్పాడు, ఎవరో మీసాలాయన ఉన్నాడమ్మా అని. మామ్మ చటుక్కున చీర కిందకి లాగేసుకుంది. ఇంత వయసొచ్చాక, మొగుడి ముఖం చూపించండ్రా అంటే పరాయి మగాణ్ణి తెచ్చి మోకాలి మీద కూర్చోబెడతారా అని నన్నూ, బాబాయినీ, మిషనునీ కలిపి తిట్టింది. సున్నిపిండి పెట్టి రుద్దింది. శనగపిండి పెట్టి రుద్దింది. మీసాలు మాత్రం నాలుగు రోజులు వదల్లేదు. ఆ నాలుగు రోజులూ ఆవిడ అరుగు మీదకి రాలేదు. చిత్రమేమిటంటే, పైన కట్టిన గుడ్డ అంచు కాగితం లోపలికి మడత పడిన చోట, ఆ గుడ్డ మీద అక్షరాలు అచ్చుగుద్దినట్టు పడ్డాయి, కాకపోతే అన్నీ తిరగబడి ఉన్నాయి.

బాబాయి ఆ గుడ్డ ముక్క పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. తర్వాత లేచి, అన్నయ్యా, మోకాలి మీదకి వచ్చిన మనిషి పంచె మీదకి రాడా అన్నాడు. బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టినట్టుంది నీ వరస అని నాన్న కసిరాడు. కసిరాడే గాని బడికి వెళ్ళేటప్పుడు, ప్రయత్నిస్తే పోయేదేముంది అని గొణుక్కుంటూ వెళ్ళాడు. ఆ పగలంతా బాబాయికి పూనకమే. కాగితం బోర్లా పెట్టడం, వెనక నుంచి దూదితో నూనె అద్దడం, వేడినీళ్ళ చెంబుతో నొక్కడం. దిండు గలీబు మీద ఎవరిదో డ్రైవింగ్ లైసెన్సు. అమ్మ వంటింటి మసిగుడ్డ మీద తహశీల్దారు గారి ముద్ర. నాన్న జేబురుమాలు మీద ఎవరో కుర్రాడి పదో తరగతి మార్కులు, లెక్కల్లో తప్పినవాడివి. ఆ రుమాలుతోనే మర్నాడు లెక్కల మాస్టారు క్లాసులో ముఖం తుడుచుకున్నాడట. అన్నిటి మీదా రాత తిరగబడే వస్తోంది. అదేమిటి అన్నయ్యా అని బాబాయి అడిగితే, రాత తిరగబడితే మనకేంట్రా, ముఖానికి రాత ఉంటుందా, అటూ ఇటూ ఒకటే అని నాన్న తేల్చేశాడు. లెక్కల మాస్టారి మాట కదా, ఎవరం ఎదురు చెప్పలేదు.

మంగళవారం సాయంత్రం నాన్న తన మంచి పంచె తెచ్చి నేల మీద పరిచి, స్కేలు పెట్టి నాలుగు గడులు గీశాడు. బాబాయి మళ్ళీ తీసిన తాతయ్య నాలుగు ముక్కల వెనకా ఒకటి, రెండు, మూడు, నాలుగు అని అంకెలు వేశాడు. ఒకటో ముక్క ఒకటో గడిలో, రెండో ముక్క రెండో గడిలో. వెంట్రుకవాసి తేడా లేదు. బాబాయి నూనె అద్దాడు, నేను చెంబుతో నొక్కాను. మామ్మ లోపలి గదిలో మంచం మీద కూర్చుని ఉంది. ఆవిడకి కనబడేది లేదు గాని వాసన తెలుస్తోంది కదా. ఉండుండి అడిగేది.

"వచ్చారా?"

బాబాయి కాగితాలు ఒక్కటొక్కటే తీశాడు. మేం ముగ్గురం పది అడుగులు వెనక్కి వెళ్ళి చూశాం. రెండు చెవులూ మధ్యలోకి వచ్చి ఒకదాన్నొకటి ముద్దు పెట్టుకుంటున్నాయి. ముక్కు సగం ఈ అంచుకి, సగం ఆ అంచుకి. కళ్ళు రెండూ బయటికి పారిపోతున్నాయి. మీసం రెండు ఊళ్ళలో ఉంది. నాకు నవ్వాగలేదు, పైట నోట్లో కుక్కుకున్నాను. అమ్మ వచ్చి ఇది సీతాకోకచిలుకా అంది. నాన్న ముఖం మాడిపోయింది. అటూ ఇటూ ఒకటే అన్నది తనే, అంకెలు వేసింది తనే, పంచె కూడా తనదే. లోపల నుంచి మళ్ళీ వచ్చారా అని గొంతు. బాబాయి గొంతు సర్దుకున్నాడు.

"ఇంకా లేదమ్మా. దారిలో ఉన్నారు."

నాన్న రెండు గంటలు ఆ ముక్కల్ని అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాడు. భోజనం దగ్గర కూడా గాలిలో వేలితో గీతలు గీస్తున్నాడు. ఆఖరికి, ప్రతి ముక్కా తిరగబడుతున్నప్పుడు ముక్కల వరస కూడా తిప్పాలి కదరా, కుడి వాటిని ఎడమకి, ఎడమ వాటిని కుడికి అని ఎంతో నీరసంగా చెప్పాడు. బాగానే ఉంది. ఇంక పంచె ఏది? నూనె ఏది? సీసా అడుగున నాలుగు చెంచాలు ఉందో లేదో. మందుల షాపులో ఆ నూనె అయిపోయింది, తణుకు నుంచి రావాలన్నారు. ఈ గుసగుసలన్నీ విన్న మామ్మ నన్ను పిలిచి, తన పెట్టె అడుగు నుంచి ఒక పంచె తీయించింది. తాతయ్యది. కొల్లేటి నీళ్ళలో నాని కూడా మిగిలింది, ఉతికి ఉతికి గాజుగుడ్డంత పల్చనైపోయింది. వట్టివేళ్ళ వాసన. "ఆయన పంచె మీదకైతే వస్తారేమో చూడండి" అంది. రెండు రోజులుగా మోకాళ్ళకి నూనె లేక మూలుగుతూనే ఉంది, అయినా ఆ నాలుగు చెంచాలూ ఆయనకే పొయ్యమంది.

బుధవారం పొద్దున్నే తాతయ్య పంచె పరిచి, కొత్తగా తీసిన ముక్కల్ని వరస తిప్పి పెట్టాం. తప్పితే ఇంకో పంచె లేదు. బాబాయి నా వల్ల కాదంటే దూది నేనే తీసుకున్నాను. నాలుగో ముక్క కాగితం తీసేసరికి పంచె మధ్య నుంచి ఒక మనిషి మా వైపు చూస్తున్నాడు. నుదురు మీద ముడత, దట్టమైన కనుబొమలు, అతుకు దగ్గర కాస్త వంకరపోయిన ముక్కు. బాబాయి గోడకి ఆనుకుని అలాగే కిందకి జారి కూర్చున్నాడు. నాలుగేళ్ళప్పుడు పోయిన తండ్రి కదండీ. కాగితం మీద చీమల బారుగా తప్ప, ఇలా మనిషిలా చూడడం ఆయనకి అదే మొదటిసారి. నాన్న మాత్రం చూసి తల పట్టుకున్నాడు. ముఖం అద్దంలోలాగా తిరగబడింది, పుట్టుమచ్చ కుడి బుగ్గ మీదకి వెళ్ళిపోయింది. ఉన్నదాన్ని లేనట్టు చూపించి అమ్మని మోసం చేస్తామా అని ఆయన బాధ. అప్పుడు నేనే అన్నాను, పంచె పల్చగా ఉంది కదా, వెనక వైపు నుంచి చూపిద్దాం, అప్పుడు ఎడమకే వస్తుంది అని. నాన్న ఆ రోజు నన్ను మెచ్చుకున్నంత నా పెళ్ళినాడు కూడా మెచ్చుకోలేదు.

నాన్న, బాబాయి చెరో కొసా పట్టుకుని పెరటి గుమ్మానికి అడ్డంగా పంచె చాపారు, ఎండ వెనక నుంచి పడేలాగా. మామ్మని తెచ్చి ఎదురుగా పీట వేసి కూర్చోబెట్టాను. ముఖం గుడ్డకి జానెడు దూరం దాకా తెచ్చి, తలని ఇటూ అటూ తిప్పుతూ చూసింది. వేలు పెట్టి మచ్చ తడిమింది. ఎడమ బుగ్గ. చాలాసేపటికి, పోలిక ఉంది గాని నాకు ఆనవాలు తెలియడం లేదురా అంది. అని ఊరుకుందా, ముఖం ఇంతై చిన్నబోయి, "అయితే నేను నిజంగానే మర్చిపోయాను" అంది. ఆ గొంతు విని బాబాయి ఉండలేకపోయాడు. నాన్న చేతిలోంచి కొస లాక్కుని పంచెని గిరుక్కున తిప్పేశాడు. మామ్మ మళ్ళీ ముందుకి వంగింది. వంగి ఇంక కదల్లేదు. "ఇదిగో. ఈయనే. వచ్చారు" అంది, పైట తలమీదకి లాక్కుంటూ.

నాన్న ఊరుకోవచ్చు కదా. ఊరుకుంటే లెక్కల మాస్టారు ఎలా అవుతాడు? అది కాదమ్మా, ఇది తిరగబడిన ముఖం, అద్దంలో కనబడినట్టు వచ్చింది, అసలు ముఖం అటు వైపుది అని వివరించబోయాడు. మామ్మ పంచె మీద నుంచి చూపు తియ్యకుండానే జవాబు చెప్పింది.

"అద్దంలోనే కదరా నేను చూసింది! మా అత్తగారు ఉండగా మీ నాన్నగారి మొహంలోకి ఎప్పుడు చూడనిచ్చిందీ? పొద్దున్నే వసారా స్తంభానికి అద్దం తగిలించుకుని గడ్డం గీసుకునేవారు. నేను వేడినీళ్ళ చెంబు పట్టుకుని వెనక నిలబడేదాన్ని. ఆ కాసేపే. నేను అద్దంలో ఆయన్ని చూసేదాన్ని, ఆయన నన్ను చూసేవారు. మర్చిపోలేదు. నేనేం మర్చిపోలేదు."

నాన్న బాబాయి చేతిలోంచి ఒక కొస మళ్ళీ అందుకుని, పంచెని అటు వైపే చాపి పట్టుకున్నాడు. ఏళ్ళ తరబడి అమ్మని దిద్దుతూ వచ్చిన మనిషి. ఆ తర్వాత ఎప్పుడూ ఆయన పుట్టుమచ్చ మాట ఎత్తలేదు.

మర్నాడు పొద్దున్నే పాసింజర్లో ఏలూరు బయల్దేరాం, మామ్మ, బాబాయి, నేను. నిడమర్రు బస్సు దిగి రైలెక్కిన వాళ్ళలో ఒకాయన వచ్చి సరిగ్గా మా ఎదురు బల్ల మీద కూర్చున్నాడు. పైకి తిప్పిన మీసాలు. అదే కాలరు. బాబాయి నన్ను మోచేత్తో పొడిచాడు. నేను కిటికీలోంచి తల బయట పెట్టి పొలాలకేసి నవ్వాను. ఏమిటర్రా ఆ నవ్వులు అని మామ్మ. బాబాయి ఆవిడ చెవిలో చెప్పాడు, మోకాలాయన ఎదురుగా ఉన్నాడమ్మా అని. మామ్మ కొయ్యబారిపోయి రెండు చేతులూ కుడి మోకాలి మీద కప్పేసుకుంది. ఆయన ఎంతో మర్యాదస్తుడు. కాస్త ముందుకి వంగి, "మోకాళ్ళ నొప్పులాండి మామ్మగారూ?" అని పరామర్శించాడు. భీమడోలు దాటేదాకా మేమిద్దరం ఊపిరి తీసుకోలేదు.

ఆపరేషన్ చక్కగా అయింది. కట్టు విప్పి ఇంటికి తెచ్చాక మామ్మ మొదట అడిగింది పంచె. తేట కంటితో తేరిపార చూసింది. చూసి, చుక్కలూ మసీ అతుకులూ తప్ప ఏమీ కనబడక, దాన్ని నాలుగు మడతలు పెట్టి నాకిచ్చేసింది. మీ తాతయ్య మసక కళ్ళకే బాగున్నారే అంది. అయినా పోయేదాకా దాన్ని తలగడ కిందే ఉంచుకుంది. పెద్ద పండగలకి నాన్న ఒక వైపు చూసి దణ్ణం పెట్టుకునేవాడు, ఆవిడ రెండో వైపు. మొదటి పంచె, ఆ సీతాకోకచిలుక, బాబాయి మిషను మీద దుమ్ము పడకుండా చాలాకాలం కప్పాడు. ఏమిటండీ ఆ బొమ్మ అని అడిగిన వాళ్ళకి మా నాన్నగారండీ అని చెబితే, వాళ్ళు ఇంకేమీ అడగకుండా కాపీలు తీసుకుని వెళ్ళిపోయేవారు.

ఇప్పుడు నా ఫోనులో నావే రెండు వేల ఫొటోలు ఉన్నాయని హారిక లెక్కపెట్టి చెప్పింది. వాటిలో ఒక్కటీ నేను జానెడు దూరం నుంచి చూసుకున్న పాపాన పోలేదు. ఎవరి ముఖమైనా ఎప్పుడు కావాలంటే అప్పుడు, ఎంత కావాలంటే అంత పెద్దది. బాగానే ఉంది, నేనేం వద్దనడం లేదు, శుక్లాలు నాకూ వస్తున్నాయి. కాకపోతే ఎవరి ముఖంలో ఏ బుగ్గ మీద ఏముందో ఈ వేళ ఎవరినైనా అడిగితే, ఆగండి, ఫోన్ చూసి చెబుతానంటారు. మామ్మకి చూడడానికి రోజుకి కాసేపే దొరికింది. ఆ కాసేపూ ఎంత చూసిందో.

ఈ కథంతా చెప్పి, బీరువా అడుగు నుంచి ఆ పంచె తీసి బల్ల మీద పరిచాను. మసి కాస్త వెలిసింది గాని కనుబొమలు అలాగే ఉన్నాయి. హారిక వంగి జానెడు దూరం నుంచి చూసింది. తర్వాత నా పెళ్ళి ఆల్బమ్‌లో మామ్మ ఫొటో ఏరి, వీధి చివర షాపుకి వెళ్ళి పెద్దది చేయించబోతూ గుమ్మంలో ఆగింది. వాళ్ళ వర్క్‌షాపులో మొదటి పాఠం అదేనట, ముందే బొమ్మని తిప్పి తీయించుకుంటే గుడ్డ మీద సరిగ్గా వస్తుందట.

"తిప్పి తీయించనా అత్తా?"

వద్దన్నాను. ఆయన కూడా ఆవిడని అద్దంలోనే కదే చూశాడు. ఉన్నదున్నట్టు పట్టుకురా, అదే తిరగబడుతుంది.

సాయంత్రానికి తాతయ్య భుజం వెనక మామ్మ వచ్చి నిలబడింది, అదే పంచె మీద, పైట తలమీదకి లాక్కుని. వాళ్ళిద్దరికీ కలిపి ఉన్న ఫొటో అదొక్కటే. సీసాలో ఇంకా రెండు చెంచాల నూనె మిగిలింది. పారెయ్యడం దేనికని నా కుడి మోకాలికి రాసుకుని, పైన గుడ్డ కట్టుకున్నాను. కాగితం మాత్రం చుట్టుకోలేదు.